మచ్చా? మళ్ళీ వచ్చిన రాచపుండా?

చిన్నప్పుడు మోకాలికి తగిలిన దెబ్బ తాలూకు మచ్చ మీలో చాలామందికి ఉండే ఉంటుంది. గాయమైన చోట శరీరం నారపోగుల వంటి గట్టి కణజాలాన్ని నింపి పూడుస్తుంది. అదే మచ్చ. చర్మం మీది మచ్చను కంటితో చూస్తాం, వేలితో తడుముతాం. అది మచ్చేనా అని ఎవరినీ అడగనక్కరలేదు. శరీరం లోపల ఆపరేషన్ జరిగిన చోట కూడా ఇటువంటి మచ్చే ఏర్పడుతుంది. దాన్ని చూసేదెలా? చూసినా, అది మచ్చే అని చెప్పేదెలా?

కొందరు రోగుల విషయంలో ఈ ప్రశ్న ప్రాణాల మీదికి వస్తుంది. పురీషనాళానికి కేన్సర్ వచ్చి, ఆపరేషన్ చేయించుకొన్నవారి సంగతి చెబుతున్నాను. కేన్సర్‌నే మన పెద్దలు రాచపుండు అనేవారు.

పెద్ద ప్రేగు చివర, మలద్వారానికి పైన, సుమారు 15 సెంటీమీటర్ల పొడవున ఉండే భాగం పురీషనాళం. పేరు చెప్పడానికే సిగ్గుపడేవాళ్ళున్నారు. జీవశాస్త్రం పాఠంలో ఈ బొమ్మ దగ్గరకు వచ్చేసరికి వెనుక బెంచీల నుండి నవ్వులు వినిపించడం ఏ మాష్టారికైనా అనుభవమే. నవ్వితే నష్టం లేదు గాని, ఆ సిగ్గే పెద్దయ్యాక ప్రమాదం తెస్తుంది. మలంలో రక్తం పడితే మొలలే అనుకొని, ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి ఊరుకొంటారు. చాలామందికి అవి మొలలే కావచ్చు. కొందరికి మాత్రం కావు.

ఈ నాళం ఉన్న చోటు బహు ఇరుకు. వెనుక త్రికాస్థి, అంటే వెన్నెముక అడుగున ఉండే ముక్కోణపు ఎముక. ముందు మూత్రాశయం. స్త్రీలలో ఈ రెంటికీ నడుమ గర్భాశయం కూడా ఉంటుంది. చుట్టూ కటి ఎముకలు గిన్నెలాగా మూసి ఉంటాయి. ఈ గిన్నెలో నుండి కేన్సర్ సోకిన భాగాన్ని కోసి తీసేస్తే ఖాళీ మిగులుతుంది. శరీరం ఆ ఖాళీని ఊరికే ఉండనివ్వదు. త్రికాస్థి ముందు మచ్చ కణజాలం పేరుకొంటుంది. మూత్రాశయం, గర్భాశయం, చిన్న ప్రేగు మడతలు వెనక్కి జారి వచ్చి కూర్చుంటాయి. ఈ జారడం సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఇప్పుడు అరవై యేళ్ళ పెద్దాయన నొకరిని ఊహించుకోండి. ఏడాదిన్నర క్రిందట ఆపరేషన్ అయింది, కిరణ చికిత్స అయింది. మళ్ళీ పొలం పనులు చూసుకొంటున్నారు. ఈ కేన్సర్ తిరిగి వస్తే చాలావరకు మొదటి మూడేళ్ళలోనే వస్తుంది కనుక, డాక్టరు ఆయనను కొన్ని నెలలకొకసారి రమ్మని రక్తపరీక్ష చేయిస్తున్నాడు. ఆ పరీక్ష సి.ఇ.ఏ. అనే ప్రోటీనుకు సంబంధించినది. గర్భంలోని శిశువు ప్రేగులలో ఇది సహజంగా ఉంటుంది, పుట్టాక బాగా తగ్గిపోతుంది. ప్రేగు కేన్సర్‌లో మళ్ళీ తయారవుతుంది. 1965లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు దీనిని కనుక్కొన్నారు. రక్తంలో ఇది క్రమంగా పెరుగుతూ పోతే ఎక్కడో ఏదో జరుగుతున్నదని అనుమానించాలి. అయితే ‘ఎక్కడ?’ అన్న ప్రశ్నకు రక్తం జవాబు చెప్పదు.

మన పెద్దాయనకు ఆ అంకె పెరిగింది. డాక్టరు సి.టి. స్కాన్ తీయించాడు. త్రికాస్థి ముందు నిమ్మకాయంత ముద్ద కనిపించింది. మచ్చా? మళ్ళీ వచ్చిన కేన్సరా? మచ్చే అనుకొని ఊరుకొంటే, కేన్సరైతే అది ఎముకలోకీ నరాలలోకీ పాకుతుంది. కేన్సరే అనుకొని కోస్తే, ఒకసారి కోసి కుట్టిన ఆ ఇరుకులో మళ్ళీ కోత అంటే మాటలు కాదు. అంతా కోసి చూశాక అది వట్టి మచ్చ అని తేలితే?

ఆకారం చెప్పగలిగింది అంతవరకే

సి.టి. ఎందుకు తేల్చలేకపోయింది? దాని పద్ధతి చూడండి. శరీరం చుట్టూ ఎక్స్-కిరణాల గొట్టాన్ని తిప్పుతూ, ఏ కోణం నుండి ఎంత కిరణం లోపల ఆగిపోయిందో కొలుస్తారు. ఆ కొలతలన్నిటినీ కంప్యూటరు లెక్కకట్టి, దోసకాయను చక్రాలుగా తరిగి చూపినట్లు శరీరపు అడ్డుకోత బొమ్మను చూపిస్తుంది. ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు నిర్మించిన యంత్రంతో 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఒక ఆసుపత్రిలో తొలి రోగి మెదడును ఇలా చూశారు. 1979లో ఆయనకూ, ఈ లెక్కల గణితాన్ని అంతకుముందే విడిగా సాధించిన ఆలన్ కార్మాక్‌కూ నోబెల్ బహుమానం వచ్చింది.

సి.టి. బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్న. గాలికి మైనస్ 1000. ఎముకకు వందలలో ఉంటుంది. కనుక ఎముకనూ, కండనూ, గాలినీ విడదీయడం సి.టి.కి చాలా తేలిక. మచ్చ కణజాలానికీ, కేన్సర్ ముద్దకూ వచ్చే అంకెలు మాత్రం దాదాపు ఒకటే. రెండూ మెత్తని కణజాలాలే, రెండూ ఎక్స్-కిరణాన్ని ఇంచుమించు ఒకేలా ఆపుతాయి. ఎంత స్పష్టమైన ఫోటో తీసినా కవల పిల్లలలో ఎవరు అల్లరివాడో ఫోటో చెప్పలేదు కదా!

ఆకలిని బట్టి పట్టుకోవడం

రాత్రి పూట చీకట్లో ఒకే తీరుగా ఉన్న రెండు ఇళ్ళున్నాయనుకోండి. ఒకదానిలో ఇద్దరు ముసలివాళ్ళు నిద్రపోతున్నారు. రెండోది పెళ్ళివారిల్లు. బయట నుండి గోడలు చూస్తే తేడా తెలియదు. రోజుకు ఎన్ని బియ్యం బస్తాలు లోపలికి పోతున్నాయో లెక్కపెడితే చిటికెలో తెలిసిపోతుంది.

మచ్చ నిద్రపోతున్న ఇల్లు. అందులో ఎక్కువ భాగం నారపోగులు, పని చేసే కణాలు కొద్ది. కేన్సర్ పెళ్ళిల్లు. 1920లలో జర్మనీలో ఆటో వార్‌బర్గ్ అనే జీవరసాయన శాస్త్రజ్ఞుడు కేన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా లాక్కొంటాయనీ, ఆక్సిజన్ దండిగా ఉన్నా సరే దాన్ని పూర్తిగా కాల్చక లాక్టిక్ ఆమ్లంగా మార్చి వదిలేస్తాయనీ గమనించాడు. ఒక గ్లూకోజు అణువును పూర్తిగా కాల్చితే ముప్పై దాకా ఏ.టి.పి. అణువులు వస్తాయి. ఇలా సగంలో వదిలేస్తే వచ్చేవి రెండే. దుబారా సంసారం! అందుకే ఆ కణాలకు అంత గ్లూకోజు కావాలి. కణాల శ్వాసక్రియ చెడిపోవడమే కేన్సర్‌కు మూలమని వార్‌బర్గ్ నమ్మాడు. ఆ నమ్మకం తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు గాని, ఆయన చూసిన ఆకలి మాత్రం నిజం.

ఇక బస్తాలకు గుర్తు వేయాలి. గ్లూకోజు అణువులో రెండవ కార్బన్‌కు అంటి ఉన్న ఆక్సిజన్-హైడ్రోజన్ జంటను తీసి, అక్కడ ఫ్లోరిన్ పరమాణువును పెడితే ఎఫ్.డి.జి. అనే పదార్థం వస్తుంది. కణానికి ఈ తేడా తెలియదు. గ్లూకోజే అనుకొని లోపలికి తీసుకొంటుంది. లోపల హెక్సోకైనేజ్ అనే ఎంజైము అలవాటు ప్రకారం దానికి ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. తర్వాతి మెట్టు దగ్గర ఉన్న ఎంజైము మాత్రం దీన్ని పట్టుకోలేదు. ముందుకు పోలేక, ఫాస్ఫేటు అంటుకొన్నందువల్ల వెనక్కీ రాలేక, అణువు కణంలోనే చిక్కుకొంటుంది. ఎంత ఆకలిగల కణమైతే అంత ఎఫ్.డి.జి. పోగవుతుంది.

ఆ ఫ్లోరిన్ మామూలు ఫ్లోరిన్ కాదు. మామూలు ఫ్లోరిన్ పరమాణు భారం 19, దీనిది 18. సైక్లోట్రాను అనే యంత్రంలో ప్రోటానులను వేగంగా పరుగెత్తించి, బరువు ఆక్సిజన్ ఉన్న నీటి మీద కొట్టి దీన్ని తయారుచేస్తారు. దీని కేంద్రకం నిలకడ లేనిది. అది ఒక పాజిట్రానును, అంటే ధనావేశంగల ఎలక్ట్రానును, బయటికి విసురుతుంది. 1932లో అమెరికాలో కార్ల్ ఆండర్సన్ విశ్వకిరణాల జాడలను ఫోటో తీస్తుండగా అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రానుకు ఎదురు దిక్కుకు వంగిన గీత ఒకటి కనబడింది. అదే పాజిట్రాను. ఆ ఫోటో ఒకనాటికి ఆసుపత్రిలో పనికివస్తుందని అప్పుడు ఎవరూ అనుకొని ఉండరు.

పాజిట్రాను శరీరంలో ఎంతో దూరం పోలేదు. సగటున మిల్లీమీటరు లోపే ఒక ఎలక్ట్రానును ఢీకొంటుంది. రెండూ మాయమవుతాయి! వాటి ద్రవ్యరాశి అంతా శక్తిగా మారి, రెండు గామా కిరణాలుగా, ఒకదానికొకటి సరిగ్గా ఎదురు దిక్కులలో దూసుకుపోతుంది. ఒక్కొక్కదాని శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఐన్‌స్టీన్ సమీకరణంలో ఎలక్ట్రాను ద్రవ్యరాశిని వేసి చూస్తే ఇదే అంకె వస్తుంది. పై తరగతి విద్యార్థులు లెక్క చేసి చూడవచ్చు.

రోగి చుట్టూ గాజులాంటి వలయంలో వేలకొలది స్ఫటికాలుంటాయి. గామా కిరణం తగలగానే స్ఫటికం మిణుక్కుమంటుంది. ఎదురెదురుగా ఉన్న రెండు స్ఫటికాలు ఒకే క్షణంలో మిణుక్కుమన్నాయంటే, పాజిట్రాను మాయమైన చోటు ఆ రెంటినీ కలిపే సరళరేఖ మీదే ఉన్నదన్నమాట. ఒకే క్షణం అంటే ఇక్కడ సెకండులో వంద కోట్లవ వంతులు కొన్ని మాత్రమే. అటువంటి రేఖలు లక్షలకొద్దీ గీస్తే అవి గుంపుగా ఒకదాన్నొకటి ఖండించుకొనే చోటు బయటపడుతుంది. దీనిపేరు పెట్ స్కాన్. 1970లలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మిషెల్ టెర్-పొగోసియన్, మైకేల్ ఫెల్ప్స్, ఎడ్వర్డ్ హాఫ్‌మన్‌లు ఇటువంటి యంత్రాన్ని నిర్మించారు. మనుషులకు ఎఫ్.డి.జి. మొదటిసారి ఇచ్చింది 1976 ఆగస్టులో. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు చేర్చి, ఇద్దరు ఆరోగ్యవంతులకు ఇచ్చారు.

విమానం ఎందుకంటారా? ఈ ఫ్లోరిన్ అర్ధాయువు సుమారు 110 నిమిషాలే. సైక్లోట్రాను ఉన్న ఊరి నుండి ఆసుపత్రికి 3 గంటల 40 నిమిషాల ప్రయాణం అనుకోండి. దారిలో రెండు అర్ధాయువులు గడిచిపోతాయి. చేరేసరికి నాలుగో వంతు మిగులుతుంది. అంటే కావలసినదానికి నాలుగింతలు పంపాలి. మంచుగడ్డను ఎండలో మోసుకుపోవడం లాంటి వ్యవహారం.

రెండు రంగుల అచ్చు

పెట్ వచ్చింది కదా, చిక్కు తీరిందనుకొంటున్నారా? లేదు. పెట్ బొమ్మలో వెలుగు చుక్కలు కనబడతాయి గాని, వాటి చుట్టూ ఉన్న ఊరు సరిగా కనబడదు. పెళ్ళిల్లు ఉందని తెలిసింది, ఏ వీధిలో అంటే తెలియదు.

దీనికితోడు కటి భాగంలో ఒక ప్రత్యేకమైన మోసం ఉంది. గ్లూకోజును మన మూత్రపిండాలు పారెయ్యవు, వడగట్టి తిరిగి రక్తంలోకి తీసుకొంటాయి. ఎఫ్.డి.జి.ని మాత్రం అంతగా గుర్తుపట్టలేవు. అది మూత్రంలోకి పోతుంది. కనుక పెట్ బొమ్మలో మూత్రాశయం దీపంలా వెలుగుతుంది. ఆరోగ్యవంతునిలో ఫరవాలేదు, ముందువైపు వెలిగేది మూత్రాశయమే అని అందరికీ తెలుసు. మన పెద్దాయనలోనో? పురీషనాళం తీసేశాక మూత్రాశయం వెనక్కి జారిందని చెప్పుకొన్నాం. ఇప్పుడు వెలుగు సరిగ్గా త్రికాస్థి ముందు, అనుమానం ఉన్న చోటనే కనబడుతుంది!

సరే, ఒక రోజు సి.టి., మరో రోజు పెట్ తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడవచ్చు కదా అంటారు. తలకైతే అది బాగానే కుదిరింది. పుర్రె గట్టిది, మెదడు కదలదు. కడుపు సంగతి వేరు. సోమవారం ప్రేగు ఉన్నచోట గురువారం ఉండదు. మూత్రాశయం ఒకప్పుడు నిండుగా, ఒకప్పుడు ఖాళీగా ఉంటుంది. గోడ క్యాలెండర్లలో ఎప్పుడైనా గమనించారా? ఎరుపు రంగు అచ్చు కొంచెం పక్కకు జరిగితే బొమ్మ పెదవుల ఎరుపు చెంప మీదికి వస్తుంది. కాగితాన్ని కదలనివ్వకుండా రెండు రంగులూ వేస్తేనే బొమ్మ కుదురుతుంది.

కాగితాన్ని కదలనివ్వని ఉపాయం డేవిడ్ టౌన్సెండ్, రొనాల్డ్ నట్‌లది. టౌన్సెండ్ భౌతిక శాస్త్రజ్ఞుడు. 1977లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో ఆలన్ జీవన్స్‌తో కలిసి ఒక ఎలుకకు పాజిట్రాన్ చిత్రం తీసినవాడు. తర్వాత జెనీవాలోనే ఆయన కట్టిన ఒక పెట్ యంత్రంలో స్ఫటికాల వరుసల మధ్య ఖాళీలుండేవి. వాటిని చూసిన ఒక శస్త్రవైద్యుడు, ‘ఆ ఖాళీలలో మాకు పనికివచ్చే సి.టి. లాంటిదేదైనా పెట్టకూడదా?’ అని అడిగాడట. యంత్రం కట్టినవాడికి తట్టనిది వాడుకొనేవాడికి తట్టడం విజ్ఞానశాస్త్రంలో కొత్త కాదు. రెంటినీ కలిపిన మొదటి యంత్రాన్ని 1998లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో నెలకొల్పారు. 2001 నుండి ఆసుపత్రులు కొనుక్కోవడానికి దొరికింది. ఒకే బల్ల, ఒకదాని వెనుక ఒకటిగా రెండు వలయాలు. రోగి పడుకొన్నవాడు పడుకొన్నట్లే మొదట సి.టి. వలయం గుండా, వెంటనే పెట్ వలయం గుండా పోతాడు. తర్వాత కంప్యూటరు బూడిదరంగు సి.టి. బొమ్మ మీద పెట్ వెలుగును నారింజ రంగులో అద్దుతుంది.

దీనివల్ల ఎంత మేలు జరిగింది? 2004లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ వైద్యులు సరిగ్గా మన పెద్దాయన వంటివారిని, పురీషనాళపు కేన్సర్‌కు ఆపరేషన్ అయినవారిని 62 మందిని, ఈ జంట యంత్రంతో పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. వారిలో 30 మందికి త్రికాస్థి ముందు సి.టి.లో ఏదో ఒక ముద్దో నీడో ఉన్నది. వాటిలో నిజంగా కేన్సర్ అయినవి 7. మిగిలిన 23 మందివీ కేన్సర్ కావు! సి.టి. ఒక్కదాన్నే నమ్ముకొంటే ఈ 30 మందీ భయంతోనే బ్రతకాలి. పెట్ ఒక్కదాన్నే నమ్మినప్పుడు జరిగిన పొరపాట్లకు ఎక్కువగా కారణమైనది ఏమిటో కూడా వారు చెప్పారు. మీరు ఊహించే ఉంటారు, చోటు తప్పి వెనక్కి జారిన అవయవాల వెలుగే. రెండు బొమ్మలూ కలిపి చూసినప్పుడు, ఇది మూత్రాశయం, ఇది ప్రేగు మడత అని సి.టి. పేర్లు చెప్పింది. పెట్ ఆకలి చెప్పింది.

మన దేశంలో మొదటి పెట్ యంత్రం 2002లో బొంబాయి పరేల్‌లోని రేడియేషన్ మెడిసిన్ సెంటరులో పని మొదలుపెట్టింది. ఇప్పుడు హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో జంట యంత్రాలే ఉన్నాయి.

ఒక పూట పరీక్ష

పరీక్షకు వచ్చే పెద్దాయన నాలుగు నుండి ఆరు గంటలు ఏమీ తినకుండా రావాలి. మంచినీళ్ళు తాగవచ్చు. తిని వస్తే రక్తంలోని మామూలు గ్లూకోజు ఎఫ్.డి.జి.తో పోటీ పడుతుంది, గుర్తు వేసిన బస్తాలకు గుమ్మం దగ్గర చోటు దొరకదు. అందుకే ముందుగా రక్తంలో చక్కెర కొలుస్తారు. చక్కెర వ్యాధి ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త. చేతి నరం ద్వారా మందు ఎక్కించాక సుమారు గంటసేపు కదలకుండా పడుకోవాలి. ఎవరితోనూ మాట్లాడకూడదు కూడా! మాట్లాడితే గొంతు కండరాలు గ్లూకోజు లాక్కొని బొమ్మలో వెలుగుతాయి. ముందురోజు బరువులు మోస్తే భుజాలు వెలుగుతాయి. చలి వేస్తే మెడ దగ్గరి ఒక రకం కొవ్వు వెలుగుతుంది. మెదడు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. దానిది తీరని ఆకలి. స్కాన్‌కు ముందు మూత్రవిసర్జన చేసి రమ్మంటారు, కారణం మీకు తెలుసు.

ముద్ద వెలిగితే? అక్కడితో తీర్పు చెప్పేయరు. చీము పట్టిన చోటా, వాపు ఉన్న చోటా తెల్లరక్తకణాలు గ్లూకోజును బాగా వాడుకొంటాయి. ఆపరేషన్ అయిన కొత్తలోనూ, కిరణ చికిత్స అయిన కొత్తలోనూ మానుతున్న పుండు కూడా వెలుగుతుంది. అందుకే కొంతకాలం ఆగి తీస్తారు. వీలైతే సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎమ్.ఆర్.ఐ. కూడా తీస్తారు. ఇక వెలగకపోతే నిశ్చింతేనా అంటే, అదీ పూర్తిగా కాదు. జిగురు ఎక్కువగా ఊరే ఒక రకం కేన్సర్‌లో కణాలు పలచగా ఉంటాయి, అంతగా వెలగవు. ఐదారు మిల్లీమీటర్ల కంటె చిన్నవి తప్పించుకొంటాయి. ఖర్చూ ఎక్కువే, శరీరానికి కొంత కిరణాల మోతాదూ తగులుతుంది. అందుచేత దీన్ని ఆపరేషన్ అయిన ప్రతివారికీ ఆరేసి నెలలకు తీయడం తెలివైన పని కాదని నా ఉద్దేశం. రక్తపు అంకె పెరిగి, సి.టి. తేల్చలేనప్పుడు దీని విలువ తెలుస్తుంది.

మరొక ఉపకారం కూడా ఉంది. ఈ యంత్రం ఒక్క కటి భాగాన్నే కాక తల నుండి తొడల దాకా చూపిస్తుంది. త్రికాస్థి ముందున్న ముద్ద ఒక్కటే వెలిగిందనుకోండి, కోసి తీసేసి రోగిని నిలబెట్టే ఆశ ఉన్నది. కాలేయంలో, ఊపిరితిత్తులలో కూడా చుక్కలు వెలిగితే, పెద్ద కోత పెట్టి ఆయనను హింసించడం కంటె మందుల దారి పట్టడం మేలు కావచ్చు. ఏ దారి అన్నది కత్తి పట్టకముందే తెలియడం రోగికీ, ఇంటివారికీ చిన్న విషయం కాదు.

శరీరంలోకి పోయిన ఆ రేడియోధార్మిక మందు తర్వాత ఏమవుతుందని అడగవలసినవారు ఇంకా మీలో మిగిలే ఉంటారు. కొంత మూత్రంలో పోతుంది. మిగిలిన ఫ్లోరిన్ 110 నిమిషాలకు సగం, మరో 110 నిమిషాలకు అందులో సగం అయిపోతుంది. పది అర్ధాయువులకు, అంటే 18 గంటల 20 నిమిషాలకు, 1024వ వంతు మిగులుతుంది. ఆ కొద్ది గంటలూ పసిపిల్లలనూ, గర్భిణులనూ దగ్గర కూర్చోబెట్టుకోవద్దని చెప్పి పంపిస్తారు. పాజిట్రానును విసిరేసిన ఫ్లోరిన్ కేంద్రకంలో ఒక ప్రోటాను న్యూట్రానుగా మారుతుంది. తొమ్మిది ప్రోటానులు ఎనిమిదవుతాయి. ఎనిమిది ప్రోటానులున్న మూలకం ఏదో ఆవర్తన పట్టికలో చూడండి. ఆక్సిజన్! అది పక్కనున్న నీటి నుండి ఒక హైడ్రోజన్‌ను అందుకొంటుంది. ఇప్పుడు ఆ అణువు గ్లూకోజే, కాకపోతే ఒక్క ఆక్సిజన్ కొంచెం బరువైనది. ఇంతసేపూ దారి మూసుకొని చిక్కుకుపోయిన అణువుకు దారి తెరుచుకొంటుంది, కణం దాన్ని మామూలు చక్కెరలాగే వాడుకొంటుంది.